నా ముఖం ఉన్న సినిమా

ఆ వేసవిలో మా ఇంట్లో ఫ్యాన్లు తిరగలేదు. కరెంటు లేక కాదు. ఫ్యాను తిరిగితే ఆ చప్పుడు మైకులో పడుతుందని మా తమ్ముడు ఆపేయించాడు. ఫ్రిజ్జు ఆపేయించాడు, గోడ గడియారంలో బ్యాటరీ పీకేశాడు, వంటింట్లో కారే కుళాయికి గుడ్డ కట్టించాడు. కింద వాటాలో ఉండే టైలరుగారిని బతిమాలి, పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా మిషను తొక్కకుండా ఒప్పించాడు. నలభై రోజులు ఇంటివాళ్లం ముగ్గురం, వాడి మనుషులు ఇద్దరు, చెమటల్లో నానుతూ గుసగుసగా మాట్లాడుకుంటూ బతికాం. ఇప్పుడు తలుచుకుంటే అంత సంతోషంగా ఉన్న రోజులు మళ్లీ నాకు రాలేదనిపిస్తుంది. అందుకే ఆ వేసవంటే నాకంత కసి.

ఇంటివాళ్లం అంటే మా అమ్మ, నేను, తమ్ముడు. నాది గొంతు ఉద్యోగం. సినిమాల్లో, సీరియళ్లలో తెర మీద కనిపించే ఆడవాళ్లకి మాట అరువిస్తాను. అప్పటికి ఇరవై రెండేళ్లుగా అదే పని. నా గొంతుతో ఎంతమంది ప్రేమించారో, ఎంతమంది అత్తల్ని ఎదిరించారో, ఎంతమంది ఆసుపత్రి మంచాల మీద ప్రాణం వదిలారో నాకే గుర్తులేదు. కూరగాయల దగ్గర బేరమాడుతుంటే పక్కనున్నావిడ ఠక్కున తల తిప్పి చూస్తుంది, ఎక్కడో విన్న గొంతులా ఉందే అని. నా ముఖం చూసి, కాదులే అనుకుని వంకాయలు ఏరుకుంటుంది.

అమ్మకి చూపు పోయి ఆరేళ్లయింది. వెలుతురూ నీడా తెలుస్తాయి, అంతే. మధ్యాహ్నం టీవీ ముందు కుర్చీ వేసుకుని నా గొంతు ఎప్పుడొస్తుందా అని కాచుకుని ఉంటుంది. సాయంత్రం నేను చెప్పులు విప్పకముందే, "ఇవాళ నీకు జలుబు చేసిందేమే" అంటుంది. ఆ జలుబు మూడు వారాల కిందటిది అయ్యుంటుంది.

ఇక తమ్ముడు. పన్నెండేళ్లు పెద్ద డైరెక్టర్ల దగ్గర అసిస్టెంటుగా చేశాడు. క్లాపు కొట్టాడు, గొడుగు పట్టాడు, హీరోగారి కుక్కని వాకింగుకి తీసుకెళ్లాడు. చంకలో కథ పెట్టుకుని ఎక్కని మెట్లు లేవు. విన్నవాళ్లంతా బాగుంది అన్నారు, ఎవరూ చేద్దాం అనలేదు. ఎండలు మొదలైన వారంలో ఒకరోజు పొద్దున్నే భుజాన చిన్న సంచితో వచ్చి, దాన్ని భోజనాల బల్ల మీద పెట్టాడు.

"ఏంట్రా అది?"

"కెమెరా."

"ఇంతేనా?"

"ఇంతే అక్కా. రీలు లేదు, లాబు లేదు. గోరంత కార్డులో గంట సినిమా పడుతుంది. నచ్చకపోతే చెరిపేసి మళ్లీ తీసుకోవడమే. లైట్లు ఇంకో సంచిలో పడతాయి. ఎడిటింగు నా లాప్‌టాప్‌లో నేనే చేసుకుంటా. ఇంక ఎవడి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు."

నాకు రీళ్ల రోజులు తెలుసు. ఒక్క టేకు పాడయితే సెట్టు మీద నిర్మాత ముఖం మాడిపోయేది. ఆర్టిస్టు తడబడితే, గాలికి దుమ్ము లేస్తే, ఆకాశంలో విమానం పోతే, తిరిగే ఆ చక్రంలో నోట్లు తిరుగుతున్నట్టే చూసేవాళ్లు. అలాంటి వ్యవహారం మా బల్ల మీద ఉప్పు డబ్బా పక్కన ఇమిడిపోయి కూర్చుంది. నిజం చెప్పొద్దూ, నాకూ గర్వమనిపించింది.

"హీరోయిన్ ఎవర్రా? నేను చెప్తాలే గొంతు, ఊరికే."

"గొంతు కాదు అక్కా. నువ్వే. వేషం నువ్వే వెయ్యాలి."

నేను నవ్వాను. వాడు నవ్వలేదు. మూలన కూర్చున్న అమ్మ అంది, "ఏం, దానికేం తక్కువ?"

"అమ్మా, నువ్వు నన్ను చూసి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో ఏమేం జరిగాయో నీకు తెలీదు."

"జరగనీ. కథేంట్రా?" అని వాణ్ణి అడిగింది అమ్మ.

కథ చిన్నది. ఒకావిడ ఇల్లు ఖాళీ చేస్తూ ఉంటుంది. మూడు రోజుల గడువు. సామాను సర్దుతూ, పారేస్తూ, మళ్లీ తెచ్చుకుంటూ ఉంటుంది. సాయానికి వస్తానన్న తమ్ముడు రాడు. అంతే. గంటన్నర సినిమా. "ఇందులో ఏముందిరా" అన్నాను. "నువ్వుంటావు" అన్నాడు.

వాడి మనుషుల్లో ఒకడు పెళ్లిళ్ల వీడియోలు తీసేవాడు. ముప్పై ఎనిమిదేళ్లొచ్చినా తనకి పెళ్లి కాలేదు కాబట్టి అందరూ అతన్ని పెళ్లికొడుకు అనేవాళ్లు. కెమెరా అతనిది. రెండో ఆయన బడిలో సైన్సు మాస్టారు. సెలవుల్లో చిన్న రికార్డరు పట్టుకుని చెట్లెంట తిరుగుతూ పిట్టల కూతలు ఎక్కించుకునేవాడు. ఆయన పేరు పిట్టలాయన. సినిమా అన్నది ఎలా తీస్తారో ఆయన జన్మలో చూడలేదు. కానీ మూడు గదుల అవతల చీమ తుమ్మినా ఆయన చెవిన పడేది. ఒక టేకు మధ్యలో చెయ్యెత్తి, "అమ్మగారి కడుపులో శబ్దం" అన్నాడు. అమ్మ సిగ్గుపడి ఆ రోజు నుంచి షూటింగుకి ముందే భోంచేసేది.

నాకు మొదటి నాలుగు రోజులూ చేతకాలేదు. మాట పెదవి దాటితే చాలు, పని అయిపోయిందనుకునే అలవాటు నాది. వాడు ఓపిగ్గా మళ్లీ మళ్లీ తీశాడు. పదిహేను టేకులు, పద్ధెనిమిది టేకులు. ఎవరి ముఖమూ మాడలేదు. ఐదో రోజు వాడు నన్ను పక్కకి పిలిచి, కెమెరా వెనకాల ఉన్న బుల్లి తెర మీద నన్ను నాకు చూపించాడు.

"చూడు. మాటలో ఏడుస్తున్నావు. ముఖం బస్సు కోసం నిలబడ్డట్టుంది."

"నా ముఖం ఎప్పుడూ అలాగే ఉంటుంది."

"ఉండదు. అమ్మ కాళ్లకి నూనె రాసేటప్పుడు అలా ఉండదు. నేను చూశా."

వాడు నన్ను చూశాడన్న సంగతి నాకు అప్పటిదాకా తెలీదు. ఇంట్లో ఎవరూ ఎవర్నీ చూడరు కదా. ఆ మధ్యాహ్నం నుంచి పని తేలికైంది. ఏం చేశానో చెప్పలేను. చెయ్యడం తగ్గించాను, అంతే.

ఫోను సీను ముప్పయ్యో రోజున తీశాం. తమ్ముడు రానని ఫోను చేస్తే ఆవిడ మాట్లాడే సీను. వాడు ఆ సీనుకి మాటలు రాయలేదు. కాగితం అడిగితే, "లేదు. నీకు తోచింది అను" అన్నాడు. ఇరవై రెండేళ్లలో ఒకళ్లు రాసిన మాట ఇంకొకళ్ల ముఖానికి అతికించడమే నా పని. నా సొంతంగా మైకు ముందు దగ్గు కూడా దగ్గలేదు.

సగం ఖాళీ అయిన గదిలో నేల మీద కూర్చుని ఫోను చెవికి పెట్టుకున్నాను. అవతల ఎవరూ లేరు. పెళ్లికొడుకు కెమెరా భుజాన పెట్టుకుని గోడకి అంటుకుపోయాడు.

"రావట్లేదా," అన్నాను. "సరేలే. బీరువా ఒక్కటే కదా బరువు, కిందవాళ్లని పిలుస్తాలే. లేదు, ఏడవట్లేదు. దుమ్ము. నీ పుస్తకాలు రెండు పెట్టెలున్నాయి, ఏం చెయ్యమంటావు? ఊ. పారెయ్యనులే. నీ చిన్నప్పటి చొక్కా ఒకటి కనపడింది, దాంతోనే కిటికీలు తుడుస్తున్నా. ఊ. ఊ. తిన్నావా?"

ఇంకా చాలా అన్నాను. నాలుగు నిమిషాల పైనే. అన్నీ గుర్తులేవు. ఫోను పెట్టేసి తల ఎత్తేసరికి పిట్టలాయన చెవులకున్నవి తీసేసి కళ్లు తుడుచుకుంటున్నాడు. తమ్ముడు "కట్" చెప్పడం మర్చిపోయాడు. పక్క గదిలోంచి అమ్మే అంది, "అయిందా? మాట్లాడొచ్చా?"

రెండో టేకు తీయలేదు.

ఎడిటింగు మూడు వారాలు మా భోజనాల బల్ల మీదే జరిగింది. మేం కంచాలు ఒళ్లో పెట్టుకుని తిన్నాం. అమ్మ లాప్‌టాప్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, "అక్కడ కుర్చీ జరిగిన చప్పుడు ముందొచ్చింది, దాని మాట తర్వాతొచ్చింది, బాగోలేదు" అని సలహాలిచ్చేది. చాలాసార్లు ఆవిడ మాటే రైటు. ఫోను సీను వచ్చినప్పుడు మాత్రం మళ్లీ పెట్టమనేది.

సినిమా తయారయ్యాక తమ్ముడు దాన్ని ఇంటింటి టీవీల్లో, ఫోన్లలో సినిమాలు చూపించే ఒక కంపెనీకి పంపాడు. రెండు వారాలకి జవాబు వచ్చింది. తీసుకుంటాం అన్నారు. ఆ రోజు వాడు అమ్మని ఎత్తుకుని గదిలో చుట్టూ తిప్పాడు. మర్నాటి నుంచి ఎందుకో ముభావంగా ఉన్నాడు. అన్నం కెలుకుతూ కూర్చునేవాడు. ఫోను మోగితే వీధిలోకి వెళ్లి మాట్లాడేవాడు. ఎవరైనా అమ్మాయేమో అనుకుని అమ్మా నేనూ ముసిముసిగా నవ్వుకున్నాం కూడా.

ఒక సాయంత్రం డాబా మీద ఆరిన బట్టలు తీస్తుంటే వెనకాలే వచ్చాడు. కాసేపు క్లిప్పులు తీసి డబ్బాలో వేశాడు.

"అక్కా, వాళ్లు ఒకటి అడుగుతున్నారు."

"ఏంటి, నిడివి తగ్గించాలా?"

"కాదు. నీ వాయిస్."

నాకు అర్థం కాలేదు. వాడు ఆకాశం వైపు చూస్తూ చెప్పాడు. విడుదలకి ముందు సినిమాని కొంతమంది మామూలు జనానికి చూపించారట. ఎక్కువమంది ఒకటే మాట రాశారట. అంతా నిజంలా ఉంది, ఆవిడ నోరు విప్పగానే సీరియలు గుర్తొస్తోంది, ఆ గొంతు ఒక్కటే అబద్ధంలా ఉంది.

"నీ గొంతు అందరికీ తెలుసు అక్కా. అదే వచ్చింది ఇబ్బంది."

"అబద్ధంలా ఉందా?"

"నాకు కాదు. వాళ్లకి."

"మార్చకపోతే?"

"తీసుకోరు." క్లిప్పుల డబ్బా గట్టు మీద పెట్టి అన్నాడు, "నువ్వు వద్దంటే నేనూ ఒప్పుకోను. ఒట్టు. ఇప్పుడే ఫోను చేసి చెప్పేస్తా."

ఆ మాట వాడు నిజంగానే అన్నాడు. అందులో మోసం లేదు. కానీ వద్దంటే ఆ 'వద్దు' నా నెత్తిన ఎన్నాళ్లుంటుందో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. పన్నెండేళ్లు ఎక్కిన మెట్లన్నీ నేనే ఎక్కించినట్టవుతుంది. పెళ్లికొడుకు, పిట్టలాయన, చెమటలో నానిన ఆ నలభై రోజులు, అన్నీ నా గొంతు దగ్గర ఆగిపోయినట్టవుతుంది.

దుప్పటి మడతపెట్టాలి. ఒక కొస వాడి చేతికిచ్చాను. ఇద్దరం ఎదురెదురుగా నిలబడి లాగి, మడిచి, దగ్గరికొచ్చాం.

"సరే," అన్నాను.

"అక్కా..."

"సరే అన్నాను కదరా. ఆ దిండు గలీబులు కూడా తీసుకురా."

నేను గొడవ పడతాననుకున్నాడు. దానికి తయారై వచ్చాడు. సరే అనేసరికి ఏం చెయ్యాలో తెలీక, గలీబులు గుండెలకి అదుముకుని మెట్ల దగ్గర నిలబడిపోయాడు.

అమ్మకి మాత్రం చెప్పలేదు. నేను చెబుతానన్నాను. రోజూ రేపు చెబుదాం అనుకున్నాను.

వారం తర్వాత పొద్దున పదకొండింటికి తమ్ముడి ఫోను. "అక్కా, ఒక్క గంట రాగలవా? గొంతు చెప్పడానికి వచ్చిన అమ్మాయికి ఫోను సీను కుదరట్లేదు. పొద్దుట్నుంచీ అక్కడే ఉన్నాం."

నేను వెళ్లాను. ఎందుకు వెళ్లావని తర్వాత చాలామంది అడిగారు. ఒక పని చెడిపోతోందని తెలిసి ఇంట్లో కూర్చోవడం నాకు చేతకాదు, అంతకన్నా జవాబు లేదు.

నేను ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న డబ్బింగ్ థియేటరే అది. సౌండ్ ఇంజనీరుగారు నన్ను చూసి, పలకరించబోయి, తల వంచుకుని ఏవో బొత్తాలు సరిచేసుకున్నారు. ఆ అమ్మాయి నాటకాల్లో చేస్తుందట. పాతికేళ్లుంటాయేమో. అద్దం అవతల మైకు ముందు బిగుసుకుపోయి నిలబడి ఉంది. నేను లోపలికెళ్లాను.

"మేడం, ఇది మీ వేషమని నాకు పొద్దున దాకా తెలీదు," అంది.

"పర్లేదు. కాగితం చూపించు."

చూపించింది. నేల మీద కూర్చుని నాకు తోచినట్టు అన్న మాటలన్నీ వరసగా టైపు చేసి ఉన్నాయి. బీరువా, దుమ్ము, రెండు పెట్టెల పుస్తకాలు, కిటికీలు తుడిచే చొక్కా. పక్కన ఎన్ని సెకన్లో అంకెలు. నేను 'ఊ' అన్న చోటల్లా 'ఊ' అని కూడా రాశారు.

తెర మీద నా బొమ్మ వేశారు. ఆ అమ్మాయి చెప్పింది. గొంతు చాలా బాగుంది. అదే నన్ను కోసేసింది. బాగోలేకపోతే ఎంత బాగుండేది. కొంచెం గరుకుగా, ఎవరూ ఇంకా వాడని గొంతు. కానీ మాట పెదాల వెంట పరిగెత్తుతోంది, ప్రతిసారీ అంగుళం వెనకబడుతోంది.

"పెదాలు చూడకు," అన్నాను. "మెడ చూడు. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నానో కనిపిస్తుంది. అక్కడే నువ్వూ తీసుకో. మాట దానంతటదే వస్తుంది."

ఇంకోసారి చేసింది. దగ్గరపడింది. చివర 'తిన్నావా' దగ్గర మళ్లీ జారింది.

"అది ప్రశ్నలా అడక్కు. తిన్నాడో లేదో ఆవిడకి అక్కర్లేదు. ఫోను పెట్టెయ్యలేక అనే మాట అది."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. కాగితం మీద ఆ ప్రశ్నగుర్తు కొట్టేసింది. దీపాలు తగ్గించారు. బొమ్మ మొదలైంది. ఈసారి నేను అద్దం ఇవతల నిలబడి, ఊపిరి తీసుకోవాల్సిన చోటల్లా చెయ్యి కొంచెం పైకి లేపుతూ ఉన్నాను. ఆమె నా చెయ్యి చూస్తూ చెప్పింది. నాలుగు నిమిషాల పైనే. తెర మీద నా పెదాలు కదులుతున్నాయి, ఆమె మాట్లాడుతోంది, మధ్యలో అతుకు ఎక్కడా లేదు.

"ఓకే," అన్నాను. తమ్ముడు అనాల్సిన మాట అది. వాడు వెనక కుర్చీలో మోకాళ్ల మీద మోచేతులు పెట్టుకుని నేల చూస్తున్నాడు.

బస్సు దొరకదని చెప్పి బయటికొచ్చేశాను.

తొలి వాన పడిన వారంలో ఒక చిన్న హాల్లో సినిమా వేశారు. కంపెనీవాళ్లు, పత్రికలవాళ్లు, తమ్ముడి స్నేహితులు, వందమంది ఉంటారు. వెళ్లేముందు గుమ్మంలో తమ్ముడు నా చెవిలో అన్నాడు, "అక్కా, అక్కడ ఎవరైనా పలకరిస్తే ఎక్కువ మాట్లాడకు. ఇవాళ ఒక్కరోజే." అమ్మ తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, నా మణికట్టు పట్టుకుని వచ్చింది. ఆ వేళకైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

దీపాలు ఆర్పారు. పది నిమిషాలకి అమ్మ నా వైపు వంగింది.

"నువ్వెప్పుడొస్తావే?"

"వచ్చానమ్మా."

"ఏదీ?"

"ఇప్పుడు తలుపు తీసింది కదా. నేనే."

"ఎవరో పిల్ల మాట్లాడుతోందే."

అప్పుడు చెప్పాను, చెవిలో, రెండే రెండు మాటల్లో. అమ్మ నా మణికట్టు వదల్లేదు కానీ వేళ్లు వదులయ్యాయి. ఫోను సీను వచ్చినప్పుడు హాలంతా ముక్కులు చీదుకున్న చప్పుళ్లు. అమ్మ నిటారుగా కూర్చుని విన్నది. నేను తెర వైపు చూడలేదు, నా బొమ్మే అయినా.

ఆట అయ్యాక ఒక పెద్దాయన, పత్రికల్లో రాసేవాడట, నా దగ్గరకొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "నటన సరే అమ్మా. గొంతులో ఎంత నిజాయితీ," అన్నాడు. తమ్ముడు అటువైపు నుంచి చూస్తున్నాడు. నేను తల ఊపాను. ఆయన దాన్ని వినయం అనుకున్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ తమ్ముడితో అంది, "నాకు అక్క మాట్లాడింది ఒకటి విడిగా పెట్టివ్వు. టీవీలో ఎవరిదైనా వేసుకోండి. నేను వినడానికి."

"అలాగేనమ్మా."

రోజులు గడిచాయి. అమ్మ అడిగినప్పుడల్లా వాడు "రేపు" అన్నాడు. చివరికి ఒక మధ్యాహ్నం మంచం అంచున కూర్చుని చెప్పాడు. హార్డు డిస్కు నిండిపోయిందట. రెండో సినిమాకి పనికొస్తుందో లేదో చూసుకోవడానికి నాలుగైదు రోజులు ఏదో తీశారట. చోటు కోసం పాతవి చెరిపేసినప్పుడు ఆ సౌండూ పోయిందట.

"పిట్టలాయన దగ్గర ఉండదూ?" అన్నాను.

"అడిగా. కంపెనీవాళ్లనీ అడిగా, కొత్తది అందగానే పాతది తీసేశారట. పిట్టలాయనేమో, నాకిచ్చేశాడు కదా, నా దగ్గర ఉంటుందిలే అనుకుని తనూ చెరిపేశాడట. ఆ కార్డుల నిండా ఇప్పుడు పిట్టలున్నాయి."

రీళ్ల కాలమైతే ఏ గోదాములోనో, ఏ తుప్పు పట్టిన డబ్బాలోనో పడి ఉండేది. వెతికేవాళ్లు లేకపోయినా ఉండేది. ఎంత తేలిగ్గా తీశాడో అంత తేలిగ్గా తీసేశాడు. వాడు ఏడ్చాడు. నేను వాడి వీపు నిమిరాను. నిమురుతున్నంతసేపూ నా చెయ్యి నాది కానట్టే ఉంది.

వానలు ముదిరేసరికి తమ్ముడు వేరే గదికి మారాడు. పోట్లాడుకుని కాదు. రెండో సినిమాకి మనుషులు ఎక్కువయ్యారు, మా ఇల్లు చాలదన్నాడు. చాలదన్నది నిజమే. ఆదివారాలు వస్తాడు. అమ్మకి మందులు తెస్తాడు. కెమెరా గురించి, కొత్త లైట్ల గురించి, ఇంకా చవగ్గా దొరుకుతున్న వాటి గురించి చెబుతాడు. మేం వింటాం. వాడి సినిమా చూసి ఊరూరా కుర్రాళ్లు ఇళ్లలో సినిమాలు తీస్తున్నారట. మంచిదే. నా గురించీ ఇద్దరు ముగ్గురు అడిగారట, ఆవిడ చేస్తారా అని. గొంతు ఎవరిచేతనైనా చెప్పించుకోవచ్చు కదా అన్నారట. నేను చెయ్యనన్నాను.

సినిమా టీవీలో వచ్చిన రోజు మధ్యాహ్నం కింద టైలరుగారు పైకొచ్చి, రిమోటుతో అది ఎక్కడుందో వెతికి పెట్టి, తన పని చూసుకోవడానికి వెళ్లాడు. బయట వాన. అమ్మ కుర్చీ టీవీకి దగ్గరగా జరుపుకుంది.

"సౌండు తీసెయ్," అంది.

"ఎందుకమ్మా?"

"తీసెయ్. నువ్వు చెప్పు."

సౌండు తీసేశాను. అమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుని, తెర మీద నా పెదాలు కదిలినప్పుడల్లా చెప్పాను. అందులో వచ్చే ఇంటివాడి మాటలు, పక్కింటావిడ మాటలు కూడా నేనే చెప్పాను. అమ్మ తల ఊపుతూ వింటోంది. చాలారోజుల తర్వాత ఆవిడ ముఖంలో నవ్వు చూశాను. నాకూ హుషారు వచ్చింది.

ఫోను సీను వచ్చింది. మొదలుపెట్టాను. మాటలు ఒక్కటీ తడుముకోకుండా వచ్చాయి. రెండు వాక్యాలయ్యాక నాకే ఏదో తేడాగా అనిపించింది. ఆపి, బొమ్మ వెనక్కి జరిపి, మళ్లీ చెప్పాను. మళ్లీ అంతే. ఆ గరుకు, ఆ విరుపు, ఎక్కడ ఆగాలో ఎక్కడ జారాలో, అన్నీ ఆ థియేటర్లో అద్దం అవతల నుంచి విన్నవే. అంతకుముందు నేల మీద కూర్చుని నేనెలా అన్నానో ఎంత వెతికినా దొరకలేదు. మూడోసారి వెనక్కి జరిపాను. విన్నది విన్నట్టు పట్టుకోవడమే ఇరవై రెండేళ్లుగా నా పని. ఆ పని నాకు ఎంత బాగా పట్టుబడిందో ఆ మధ్యాహ్నం తెలిసింది.

అమ్మ చెయ్యి చాపి, నా మోకాలు వెతుక్కుని, దాని మీద తట్టింది.

"పోనీలే, సౌండు పెట్టెయ్," అంది. "నువ్వూ ఆ పిల్లలాగే చెబుతున్నావు."

పెట్టేశాను. మిగతా సినిమా ఇద్దరం కూర్చుని విన్నాం.